నేలకు ఆనని చోటు

రాజకుమారి ఒకచోట కుదురుగా కూర్చుందంటే దానికి జ్వరమైనా వచ్చి ఉండాలి, ఇంట్లో ప్రార్థనైనా జరుగుతూ ఉండాలి అని వాళ్ళమ్మ కనకమ్మ అంటూ ఉండేది. ప్రార్థనలో కూడా కళ్ళు మూసుకునేదే గాని కాలి బొటనవేలు మాత్రం ఆడుతూనే ఉండేది. ఏలూరు మిషను బళ్ళో టీచరయ్యాక పిల్లలకు ఎక్కాలు నేర్పేటప్పుడు బల్ల చుట్టూ తిరిగేది. పన్నెండో ఎక్కం వచ్చేసరికి పిల్లల మెడలు నొప్పి పుట్టేవి.

ఈ నిలకడలేనితనానికి కారణం పక్కింటి వెంకటనరసమ్మగారు ఎప్పుడో కనిపెట్టేశారు. రాజకుమారి చిన్నప్పుడు ఒకరోజు నీళ్ళు పోసుకుని తడికాళ్ళతో అరుగు మీద నడిచిపోయింది. రాతి మీద మడమ అచ్చు ఒకటి, వేళ్ళ దగ్గర అచ్చు ఒకటి పడ్డాయి గాని మధ్యలో ఏమీ లేదు. ఒక్క పాదానికి రెండు ముక్కలు. వెంకటనరసమ్మగారు వంగి చూసి, ఆడపిల్ల అరికాలి కింద చీమ దూరే సందుంటే ఆ పిల్ల ఇల్లు పట్టుకుని ఉండదని తేల్చారు. మేము దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం, ఇలాంటివి నమ్మమండీ అని కనకమ్మ మర్యాదగానే చెప్పింది. చెప్పి, ఆనాటి నుంచి కూతురు నీళ్ళు పోసుకున్నప్పుడల్లా వెనకాలే వెళ్ళి అరుగు వంక చూస్తూ ఉండేది, మధ్యలో కాస్తయినా తడి పడుతుందేమోనని.

పడలేదు. పిల్ల పెరిగింది, పాదం పెరిగింది, దాని కింద సందూ పెరిగింది.

సందుంటే ఉందిలే అనుకోవచ్చు. అయితే నడక మీద ఇంత ఇష్టమున్న మనిషికి నడిస్తే పడని పాదాలిచ్చాడు దేవుడు. కంకర రోడ్డు మీద రైలుస్టేషను దాకా వెళ్ళేసరికి మడమలో మేకు దిగినట్టుండేది. వేళ్ళ మొదళ్ళు భగ్గుమనేవి. ఇంటికొచ్చి ఎవరూ చూడకుండా చెంబు అడ్డంగా పెట్టి దాని మీద పాదం దొర్లించుకునేది. ఎవరైనా వస్తే చెంబు తోముతున్నట్టు నటించేది.

ఆ సంవత్సరం కొల్లేటి సర్కిలు ఖాళీ అయింది. మండవల్లి మొదలుకుని లంక ఊళ్ళలో ఉన్న మిషను బళ్ళన్నీ వారం వారం కాలినడకన చూసి రావడం సర్కిలు టీచరు పని. ఇరవై ఏళ్ళు ఆ పని చేసిన విశ్వాసంగారి మోకాళ్ళు ముందు రాజీనామా ఇచ్చాయి, ఆవిడ తరవాత ఇచ్చింది. రాజకుమారికి ఆ ఉద్యోగం కావాలి. గోడల్లేని ఉద్యోగం ఆడదానికి ఇంకొకటి ఈ జిల్లాలో లేదని ఆమెకు తెలుసు. అది దక్కకపోతే రెండోది కూడా సిద్ధంగానే ఉంది. తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల హాస్టలు. తెల్లారి లేచి బియ్యం కొలిచి ఇచ్చి, పప్పులో రాళ్ళు ఏరించి, గేటుకు తాళం వేసి, ఆ తాళం లోపల తనూ ఉండాలి.

ఈ రెండు ఉద్యోగాలకూ ఇద్దరే మనుషులు. రెండో మనిషి ఎలిజబెత్, రాజకుమారితో కలిసి ట్రెయినింగు చదివింది. నేల మీద రోకలి పాతినట్టు అడుగు వేస్తుంది. ఎంత దూరమైనా నడుస్తుంది, నడవడమంటేనే ఇష్టం లేదు. ఆమెకు కావలసినది గూడెం. గూడెం స్టేషనులో టిక్కెట్లు కోసే ఏసుబాబు అనే క్లర్కు ఉన్నాడు, ఆ సంగతి మిషను నడిపే దొరసానిగారికి తప్ప అక్కడ అందరికీ తెలుసు.

"నువ్వు కుంటావనుకో, నన్ను తీసుకెళ్ళి ఆ నీళ్ళల్లో పడేస్తారే," అంది ఎలిజబెత్. "కుంటకు తల్లీ. నీకు పుణ్యముంటుంది."

కుంటితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. దొరసానిగారు కోతలయ్యాక స్వయంగా రాజకుమారిని వెంటబెట్టుకుని సర్కిలంతా నడిచి చూస్తానన్నారు. ఆవిడ కోపానికి ఎవరూ భయపడరు, ఆవిడకు కోపం రాదు. ఆవిడ దయకు భయపడాలి. ఎవరికైనా నొప్పి అని తెలిస్తే చాలు, మరుక్షణం కూర్చునే ఉద్యోగం ఇచ్చేస్తారు. అలా దయకు గురైనవాళ్ళు హాస్టలు వంటింట్లో ఇప్పటికే ఇద్దరున్నారు.

కాబట్టి పాదాల సంగతి బయటపడకూడదు. పాదాలు నొప్పి పెట్టకూడదు.

మొదట దూది పెట్టింది. మిషనుకు దానంగా పీపాలో సముద్రం దాటి వచ్చిన బూట్లు ఆమెవి, ఎవరో చలిదేశపు ఆవిడ కాళ్ళకు కుట్టినవి. అందులో దూది మూడుపూటల్లో అప్పడమైంది. కొబ్బరి పీచు పెట్టింది, గీరుకుంది. గూడెంలో పెద్ద చెప్పుల కొట్టు వెంకట్రాజుగారిదని ఎవరో చెబితే రైలెక్కి వెళ్ళింది. ఆయన బూటులో పరిచే, తివాసీలా మెత్తగా ఉన్న ముఖమల్ అట్టలు తీసి, బుగ్గకు ఆనించి చూడండమ్మా అన్నారు. ఆమె బుగ్గకు ఆనించి చూసింది. బుగ్గకు హాయిగానే ఉంది. ఇంటికొచ్చి కాలికి ఆనిస్తే ఎప్పటి నొప్పే. మెత్తదనం బజారులో ఎంత కావాలన్నా దొరుకుతుంది, ఆసరాయే దొరకదని ఆ సాయంత్రం ఆమెకు అర్థమైంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మగారు పాదం చేత్తో పట్టుకుని చూసి ఇంగ్లీషులో రెండు మాటలన్నారు, "హై ఆర్చి" అని. కాంపౌండరు ప్రసాదరావుగారు దాన్ని తెలుగులోకి మార్చి "ఎత్తు ఆర్చి" అన్నారు. మందేమిటంటే విశ్రాంతి. ఆ మాట వినగానే రాజకుమారి మడమ నొప్పి మరిచిపోయి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చేసింది.

అప్పుడే ఎలీయాజరు గుర్తొచ్చాడు. సంఘంలో పెద్ద, మంచి చెప్పులు కుడతాడు, దానికన్నా మంచిగా వాదిస్తాడు. ఆదివారం ప్రసంగం మీద సోమవారం వాదన ఆయన కొట్టు దగ్గరే జరుగుతుంది. రాజకుమారి ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. గుట్టుగా ఉంచండి బాబాయ్ అని ముందే మాట తీసుకుని, తన పాదాలకు సరిపడేలా బూటు లోపల వేసుకునే అట్టలు చేసిపెట్టమంది.

ఎలీయాజరు ఆమె కాళ్ళు తడిపించి నాపరాయి మీద నిలబెట్టాడు. కొలతకు ఆయన పద్ధతి అదే. పక్కకు దిగమని, రాయి మీద మిగిలిన రెండేసి ముక్కల వంక చాలాసేపు చూశాడు.

"నడిమి పాదం ఇంట్లో పెట్టొచ్చారా అమ్మాయిగారూ?" అన్నాడు.

"అదే బాబాయ్ నా బాధ. ఆర్చి అంటున్నారు."

"ఆర్చి అంటే నాకు తెలీదాండీ. కాలవ మీద వంతెనకుండేది ఆర్చే కదండీ. కింద ఖాళీ ఉంటేనే నీళ్ళు పోతాయి, ఖాళీ పూడ్చామంటే వంతెన లేచిపోద్ది. మీకు ఖాళీ చాలట్లేదండి. అట్ట అక్కడ రాసుకుని నొప్పెడతంది."

వినడానికి ఎంతో సబబుగా ఉంది. తెలివైన మాటలకు ఉన్న చిక్కే అది. రాజకుమారి బి.ఏ. దాకా రాకపోయినా ఇంటరు చదివింది, తర్కంలో మంచి మార్కులు తెచ్చుకుంది, అయినా తల ఊపింది. ఆయన దళసరి తోలుతో అట్టలు కోసి, తడి అచ్చు పడని చోటల్లా చక్కగా గుండ్రంగా తొలిచి ఇచ్చాడు. అచ్చుకు అచ్చు సరిపోయింది. పాదం ఎక్కడ ఆనదో అక్కడ ఇంకా పల్లమైంది.

ఆ అట్టలతో ఆదివారం గుడికి నడిచి వెళ్ళింది. మూడో కీర్తనకు అందరూ లేచి నిలబడితే ఆమె కూర్చుండిపోయింది. ఎన్నడూ కూర్చోని పిల్ల కూర్చుందంటే ఆత్మ తాకిందని ముందువరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. కనకమ్మ మాత్రం కూతురి మొహం చూసి పెదవి కొరుక్కుంది.

ఇంటికొచ్చాక, "పోనీ గూడెమే వెళ్ళవే," అంది. "నీడపట్టున ఉంటావు. నాకూ రైలెక్కితే గంటలో దగ్గర."

"తాళం ఎవరి దగ్గరుంటుందమ్మా అక్కడ?"

"నీ దగ్గరే."

"మరి అది మరీ అన్యాయం కదా. నన్ను నేనే లోపల పెట్టి తాళం వేసుకోవాలి."

కనకమ్మ చేట ముందుకు లాక్కుంది. బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతూ ఉండిపోయింది.

దొరసానిగారి నడక వచ్చే వారంలోకి వచ్చింది. ఈలోగా మండవల్లి పక్క లంకలో ఉన్న పాపమ్మత్త ఇంట్లో పసిబిడ్డకు బాప్తిస్మమని కబురొచ్చింది. మండవల్లి దాకా రైలు పడి అయిదారేళ్ళయింది గాని ఏలూరు నుంచి వెళ్ళాలంటే బెజవాడా గుడివాడా చుట్టి రావాలి, ముక్కు చూపించమంటే చెయ్యి తల చుట్టూ తిప్పినట్టు. తల్లీ కూతుళ్ళు అలాగే వెళ్ళారు. స్టేషను నుంచి కంకర రోడ్డు మీద రాజకుమారి పళ్ళు బిగించి నడిచింది. రోడ్డు అయిపోయి కొల్లేటి గట్టు మొదలయ్యే చోట బురదగా ఉందని ఇద్దరూ పాదరక్షలు చేత పట్టుకున్నారు.

గట్టు మీద సగం దూరం వెళ్ళాక ఆమెకు ఏదో వెలితిగా తోచింది. సంచీ మరిచిపోయానా అని చూసుకుంది. సంచీ ఉంది. గొడుగుంది. అమ్మ ఉంది. ఇంకో పది బారలు నడిచాక తెలిసింది, లేనిది నొప్పి.

నిలబడిపోయింది. కనకమ్మ కంగారుపడి పామా అంది. కాదంది. వెనక్కి తిరిగి తన అడుగుల వంక చూసింది. నల్లటి జిగట మన్ను. ఒక్కొక్క అడుగూ రెండు గుంటలు, మడమది ఒకటి, వేళ్ళవైపు ఒకటి. రెండు గుంటల మధ్యా మన్ను పైకి ఉబ్బి, గుర్రపు జీనులా నునుపుగా వంపు తిరిగి నిలబడి ఉంది. రాతి మీద నీళ్ళు వదిలేసిన చోటే ఇది. నీళ్ళు ఆనని చోటుకు మన్ను తనే లేచి వచ్చి ఆనింది.

మర్నాడు బాప్తిస్మం భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తూ ఉంటే రాజకుమారి పెరట్లో దిగి, కుడికాలూ ఎడమకాలూ మెత్తటి మంటిలో గట్టిగా దింపి తీసింది. ఎండకు ఆ అచ్చులు ఆరే దాకా కాకుల్ని తోలుతూ వాటి చుట్టూ తిరిగింది. ఆరాక చాకుతో ఆ నడిమి దిమ్మెల చుట్టూ కోసి పైకి తీస్తూ ఉండగా పాపమ్మత్త వచ్చి వెనకాల నిలబడింది.

అడుగు కింద మన్ను తీయడమంటే ఆ చుట్టుపక్కల అందరికీ ఒకటే అర్థం. చేతబడి. పాపమ్మ దేవుణ్ణి నమ్ముకుని ముప్ఫై ఏళ్ళయింది గాని లంకలో పుట్టి అరవై ఏళ్ళయింది.

"ఎవరి అడుగే అది?" అంది, గొంతు తగ్గించి.

"నాదే అత్తా."

పాపమ్మ వంగి ఆ గుంటలోకి చూసింది. "పగవాళ్ళ అడుగు తీసేవాళ్ళని చూశాను. తన మీద తనే చేయించుకునేదాన్ని ఇప్పుడే చూడ్డం. ఏలూరు చదువులా ఇవి?"

రాజకుమారి నవ్వాపుకుని సంగతంతా చెప్పింది. పాపమ్మకు సగమే నమ్మకం కుదిరింది. అయినా వలలు తేలడానికి కట్టే జీలుగు బెండు ఇంట్లో కట్టలు కట్టలుగా ఉంటే, మంచిది చూసి రెండు ముక్కలిచ్చింది. బెండు చాకుకు వెన్నలా లొంగుతుంది, బరువుకు అంత తొందరగా లొంగదు. మంటి దిమ్మెల్ని చూస్తూ రాజకుమారి బెండు ముక్కలకు అచ్చంగా అదే వంపు చెక్కింది. దిమ్మెలు రైల్లో గుడివాడ దగ్గరే పొడైపోయాయి. బెండు ముక్కలు మాత్రం ఏలూరు చేరాయి.

వాటిని చూసి ఎలీయాజరు గంట సేపు వాదించాడు. ఆర్చి పూడ్చకూడదన్నాడు, వంతెన లేచిపోతుందన్నాడు. నాది లేచిపోయే వంతెనేలే బాబాయ్, పూడ్చి చూడండి అంది రాజకుమారి. ఆయన మొదట చేసిన పల్లాల్లోనే బెండు కూర్చి పలచటి తోలు అంటించాడు. తంగెళ్ళమూడిలో తివాసీలు నేసేవాళ్ళ దగ్గర కత్తిరింపు ముక్కలు తెచ్చి పైన కుట్టాడు, ఒక పాదానికి ఎర్ర పువ్వూ ఒక పాదానికి సగం ఆకూ వచ్చాయి. తొడుక్కుని ఆమె కొట్టు ముందు నాలుగు సార్లు అటూ ఇటూ నడిచింది. తరవాత స్టేషను దాకా వెళ్ళొచ్చింది. ఎలీయాజరు ఆమె మొహం చూసి, నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా కదండీ అన్నాడు.

అనుకున్న రోజు పొద్దున్నే మండవల్లిలో దొరసానిగారు తెల్ల టోపీ పెట్టుకుని, గొడుగు వేసుకుని బయల్దేరారు. ఆవిడ తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు. అందుచేత ఆవిడ మంచినీళ్ళు అడిగినా శాసనం చదివినట్టుండేది.

"నీవు త్వరగా నడచుచున్నావు," అన్నారు మొదటి ఊరు దాటాక.

"అలవాటండీ."

రెండో ఊళ్ళో బడి చూశారు. పిల్లలు పద్యం చెప్పారు. మూడో ఊరికి దారిలో మురుగుకాలవ అడ్డొచ్చింది, మోకాలి లోతు నీళ్ళు. దొరసానిగారిని ఇద్దరు మనుషులు చేతులు కలిపి కూర్చోబెట్టుకుని దాటించారు. రాజకుమారి బూట్లు చేత పట్టుకుని, చీర కుచ్చెళ్ళు దోపుకుని తనే దిగింది. ఇప్పటిదాకా ఒక్క పోటు లేదు. మిగిలిన ఊళ్ళన్నీ కళ్ళ ముందు వరసగా కనిపిస్తూ ఉంటే ఆ సంతోషంలో నాచు రాయి చూసుకోలేదు. కాలు జారింది. మనిషి పడలేదు గాని చెయ్యి నీళ్ళలో మునిగింది, చేతిలో బూట్లు మునిగాయి. మళ్ళీ పైకి తీసేసరికి ఎడమ బూటు లోపలి అట్ట బయటికి వచ్చేసింది.

తోలు అట్ట అయితే మునిగేది. ఇది బెండు. బెండు పుట్టిందే తేలడానికి. సగం ఆకు పైకి పెట్టుకుని నిదానంగా, పెళ్ళి పల్లకీలా కాలవ వాలున బయల్దేరింది.

కాస్త దిగువన దోనెలో వల సర్దుకుంటున్న కనకరాజు అనే జాలరి దాన్ని చూసి గెడ చాపాడు. గెడ తగిలి అది జమ్ము దుబ్బులోకి పోయింది.

"ఎవరి వల బెండండీ ఇది?" అని కేకేశాడు. "పట్టు చీర కట్టుకుపోతందే."

గట్టు మీద దొరసానిగారు గొడుగు పక్కకు తీసి చూస్తున్నారు.

"రాజకుమారీ, నీ పాదరక్షలోనుండి తేలిపోయిన ఆ వస్తువు ఏమి?"

అబద్ధాలు నాలుగైదు అప్పటికే నాలిక మీదికి వచ్చి వరసలో నిలబడ్డాయి. రాజకుమారి గట్టెక్కి వాటిని మింగింది. వెలుతురులో ఆవిడ మొహంలో దయ అప్పుడే మొదలవుతున్నట్టు కనిపిస్తోంది.

"నా అరికాలండి," అంది.

తరవాత చెప్పక తప్పలేదు. దూది, పీచు, చెంబు, డాక్టరమ్మగారి విశ్రాంతితో సహా చెప్పింది. దొరసానిగారు శ్రద్ధగా విన్నారు. వింటున్న కొద్దీ ఆవిడ కళ్ళు తడి అయ్యాయి. అది మరీ ప్రమాదం.

"నా బిడ్డా, నీవు ఇంత బాధను దాచితివి. తాడేపల్లిగూడెములో మన వసతిగృహమున నీకు..."

ఆ వాక్యం పూర్తయితే ఇంక తిరుగు లేదు. దొరసానిగారు అన్న మాట వెనక్కి తీసుకోరు, దయతో అన్నది అసలే తీసుకోరు. రాజకుమారి వంగి, కాలవ ఒడ్డున నల్లమన్ను గుప్పెడు తీసింది. ఎడమ బూటులో అడుగున మెత్తి, కాలు దూర్చి గట్టిగా తొక్కింది. మన్ను లేచి వచ్చి ఆనింది.

"చూడాల్సిన బళ్ళు ఇంకా ఉన్నాయండి, ఎండెక్కుతుంది," అంటూ గట్టు మీద నడక మొదలుపెట్టింది.

పాపమ్మత్తను అడిగి పెట్టుకోబట్టి దారి తెలిసింది రాజకుమారికి ఒక్కదానికే. ఎత్తుకు దాటించిన మనుషులిద్దరూ అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయారు. దొరసానిగారు గూడెం అన్న మాట నోట్లోనే పెట్టుకుని గొడుగు సర్దుకుని వెనకాల పడ్డారు. మధ్యలో రెండు సార్లు పిలిచారు. గాలి ఎదురుగా ఉంది, వినపడలేదని తరవాత చెప్పుకోవచ్చు. రాజకుమారి పరుగెత్తలేదు. అలాగని నడిచిందని కూడా గట్టిగా చెప్పలేం. ఎడమ బూటులో మన్ను అడుగడుక్కీ చప్పుడు చేస్తోంది, పాదం దానిలో కుదురుకుని కూర్చుంది. ఒంట్లో కుదురుగా కూర్చున్నది అదొక్కటే.

మూడో ఊరి బడి అరుగు మీద దొరసానిగారు చాలాసేపటికి ఊపిరి తెచ్చుకున్నారు. టోపీ తీసి విసురుకున్నారు. ఒక పిల్ల మంచినీళ్ళు తెచ్చి ఇస్తే శాసనమేదీ చదవకుండానే తాగేశారు. తరవాత తన బూటు కూడా విప్పి, మడమ పట్టుకుని, ఎదురుగా గడప దగ్గర నిలబడి ఊగుతున్న రాజకుమారిని కింద నుంచి పైదాకా చూశారు.

"నీకు ఇప్పుడు నొప్పి కలదా? సత్యము చెప్పుము."

"ఆగితే ఉంటుందండి."

దొరసానిగారు నవ్వారు. నవ్వాక ఆవిడ మొహంలో దయ కాస్త పక్కకు తప్పుకుని ఇంకేదో వచ్చి కూర్చుంది.

"అటులైన నిన్ను ఆపుట క్రూరత్వము," అన్నారు. "ఈ సర్కిలు నీవే తీసుకొనుము. ఎలిజబెతు గూడెమునకు వెళ్ళును. పాపము, ఆమె మిక్కిలి దుఃఖించునేమో."

రాజకుమారి ఎలిజబెత్ తరఫున దిగులుగా తల ఊపింది. లోపల బడి పిల్లలు ఆమె కోసమని పద్యం ఎత్తుకుని, ఎవరూ వినడం లేదని మధ్యలో ఆపేశారు. ఆమె చూపు అప్పుడే గట్టు మీదికి, గట్టు దాటి జమ్ము మీదికి, అవతల పొగలా కనిపిస్తున్న తర్వాతి లంక మీదికి వెళ్ళిపోయింది.

"మనము ఇంకను ఎన్ని గ్రామములు నడువవలెను?" అన్నారు దొరసానిగారు, బూటు లోపలికి అనుమానంగా చూసుకుంటూ.

"ఇంకొక్కటేనండి," అంది రాజకుమారి.

ఉన్నవి మూడు.